తేట డబ్బాలు, కుసుమ నూనె

నారాయణఖేడ్‌లో మొట్టమొదట అద్దంలాంటి ప్లాస్టిక్ డబ్బా చేసింది నేను. అందులో దొడ్డు ఉప్పు పోస్తే బయటినుంచి రాయి రాయీ లెక్కపెట్టవచ్చు. హైదరాబాదు నుంచి ఇంజనీర్లు కారు వేసుకుని వచ్చి, ఈ వయసులో ఇంత పనితనం ఎక్కడ నేర్చావని అడిగి పోయారు.

ఇంజనీర్లెవరూ రాలేదు. మెషిన్ బాగుచేసే మెకానిక్ ఒకడు జహీరాబాదు నుంచి బస్సులో వచ్చాడు. అతను అడిగింది చాయ్ ఎక్కడ దొరుకుతుందని. డబ్బా చేసింది మెషిన్, మెషిన్ సేటుది. నేను చేసిందల్లా ప్లాస్టిక్ గింజల దాణాలో పొడి కలపడం. ఆ కలపడంలోనే ఒక ఆడమనిషి పేరు చెడగొట్టాను. ఈ ఒక్క సంగతి మాత్రం పెంచి చెప్పడం లేదు.

ఆమె బస్టాండు ఎదురుగా చిన్న రేకుల దుకాణంలో మురుకులు, కారప్పూస, సకినాలు అమ్ముతుంది. రోడ్డుకు ఇవతల హోటల్ ఉంది. ఆ హోటల్ బెంచీ మీద పొద్దున ఒకసారి, పొద్దుగూకే ముందు ఒకసారి నేను కూర్చుంటాను. మధ్యలో రోడ్డు, దాని మీద బస్సులు, ఆటోలు. అవి అడ్డం రానప్పుడల్లా ఆమె నన్ను చూస్తుంది. ఆ చూపు కింద చాయ్ తాగడం అలవాటు కావడానికి నాకు చాలా రోజులు పట్టింది.

మనూర్ రోడ్డులో ఊరు దాటాక సేటు షెడ్డు ఉంది. ఒకటే మెషిన్, నాలుగైదు అచ్చులు. సేటు నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు, మెషిన్‌తో రెండు భాషల్లోనూ తిట్లు. నన్ను చాచా అని పిలుస్తాడు. పనిలో చేరేటప్పుడు పట్నంలో ప్లాస్టిక్ కంపెనీలో ముప్పై ఏళ్లు చేశానని అతనికి చెప్పాను. చేసింది పన్నెండేళ్లు. అందులో ఎనిమిదేళ్లు గేటు దగ్గర.

అయినా కొంత తెలుసు. దాణా అంటే బియ్యపు గింజకంటే కాస్త లావుగా ఉండే ప్లాస్టిక్ గింజలు. బస్తాల్లో వస్తాయి. మెషిన్ పైన గరాటాలాంటి తొట్టిలో పోస్తే లోపల కరిగి, అచ్చులోకి పోయి, డబ్బా అయి బయట పడుతుంది. మేము వాడే రకం దాణాతో వట్టిగా చేస్తే డబ్బా గంజి రంగులో వస్తుంది. ఎందుకంటే, నెయ్యి చల్లారేటప్పుడు పూస కడుతుంది కదా, ఆ ప్లాస్టిక్ కూడా లోపల అలాగే పూస కడుతుంది. పూస లావుగా ఉంటే వెలుతురు దానికి తగిలి చెదిరిపోయి డబ్బా మసకబారుతుంది. దానికోసమే ఒక తెల్లటి పొడి ఉంది. బస్తాకు చాయ్ గ్లాసెడు చాలు. అది దాణాతోపాటు కరిగి, చల్లారేటప్పుడు పూసను కంటికి కనపడనంత సన్నగా కట్టిస్తుంది. అప్పుడు వెలుతురు నేరుగా దాటిపోతుంది, డబ్బా తేటపడుతుంది. ఈ నెయ్యి పోలిక నేను కనిపెట్టిందేనని చాలామందికి చెప్పాను. పొడి అమ్మడానికి వచ్చిన మనిషి చెప్పాడు.

ఆ పొడి షెడ్డుకు రావడానికి కారణం ఆమె. నాలుగేళ్ల కిందట ఒక రోజు డబ్బాలు కావాలని వచ్చింది. వరసగా పేర్చిన డబ్బాల్లోంచి ఒకటి తీసి, లోపల చెయ్యిపెట్టి, బయటినుంచి ఆ చెయ్యి కనపడుతుందేమోనని చూసింది.

"కాకా, ఇది డబ్బానా, పొగమంచా?"

"గట్టి మాల్ బిడ్డా. మిద్దె మీదికెళ్లి ఏసినా పలగదు."

"నేనేం మిద్దెల మీదికెళ్లి ఏస్తనా. లోపల మురుకున్నదో ముగ్గుపిండున్నదో ఎట్ల తెలుస్తది జనాలకు? మొకానికి గుడ్డ గట్టుకున్నట్టున్నది నీ డబ్బా."

సేటు నవ్వాడు. అక్కడున్న ఇద్దరు కూలివాళ్లు నవ్వారు. నాకు అప్పుడే ఆమె మీద మంట పుట్టింది.

"చూసేటందుకు ఏమున్నది మురుకుల?" అన్నాను.

"నూనె. మురుకు రంగు జూస్తే నూనె తెలుస్తది. నేను పల్లి నూనెల గోలిస్త, ఒకపారి కాగిన నూనె మళ్ల పొయ్యి మీద వెట్ట. అందరు వెడ్తరు, నేను వెట్ట. గది నోటితోని చెప్తె ఎవడు నమ్ముతడు? కండ్లతోని చూడాలె."

ఆమెకున్నది ఆ ఒక్క పేరే. మొగుడు పోయాక ఆ పొయ్యి మీదే ఇల్లు నడుపుతోంది. ఊళ్లో మురుకులు అమ్మేవాళ్లు పది మంది ఉన్నా, పిల్లలకు పెట్టాలంటే, దవాఖానలో ఉన్నవాళ్లకు తీసుకుపోవాలంటే ఆమె దగ్గరే కొనేవారు. ఆమె నూనె మంచిదని. బోరంచ నల్లపోచమ్మ దగ్గర ఆదివారాలు మొక్కులు తీర్చుకోవడానికి వచ్చే జనం కోసం అక్కడా ఒక దుకాణం పెట్టాలని ఆమె ఆలోచన. కొత్త చోట కొత్త జనం ఆమె పేరు ఎరగరు. వాళ్లు కళ్లతో చూసి కొనాలి. అందుకే తేట డబ్బాలు.

సేటు పట్నం నుంచి పొడి తెప్పించాడు. దానితోపాటు ఒక సీసా వైట్ ఆయిల్. రంగూ వాసనా ఏమీ లేని నూనె అది. దాణాకు కాస్త తడి పట్టించడానికి. గింజలు నున్నగా ఉంటాయి కాబట్టి వట్టి పొడి చల్లితే అంటుకోదు, జారి తొట్టి అడుగుకు పోతుంది. అప్పుడు ఒక డబ్బా తేటగా, ఒకటి మసకగా, ఒకటి చారలు చారలుగా వస్తుంది.

మొదటి రోజు పొడి ఎక్కువ వేస్తే ఎక్కువ తేటపడుతుందని మూడు గ్లాసులు వేశాను. డబ్బాల్లో తెల్ల నలుసులు తేలాయి, షెడ్డంతా బాదం ఎసెన్సు వాసన కొట్టింది. సేటు అడిగితే మెషిన్ వేడి చాలలేదన్నాను. సేటు పాపం కరెంటు బిల్లు గుర్తు తెచ్చుకుంటూ వేడి పెంచాడు. మర్నాడు ఒక గ్లాసే వేశాను, సరిగ్గా వచ్చింది. చూశావా, వేడే కారణమన్నాను.

ఆమె అరవై డబ్బాలు చెప్పింది. శనివారానికి కావాలంది. ఆదివారం బోరంచలో దుకాణం పెట్టాలి. సేటు బీదర్‌లో చుట్టాల పెళ్లికి పోయాడు. శుక్రవారం పొద్దున చూస్తే వైట్ ఆయిల్ సీసా ఖాళీ. ఎలా ఖాళీ అయిందంటే, ముందు రోజు చూసుకోక నేనే తన్ని పారబోశాను. ఫోన్ చేస్తే సేటు, "సోమవారం కొత్త సీసా వస్తది చాచా, అందాక మెషిన్ బంద్ పెట్టు, ఆమెకు నేను చెప్త," అన్నాడు. అతను చెప్పేలోపే ఆమె షెడ్డుకు వచ్చింది. నేను ఖాళీగా కూర్చోవడం చూసింది.

"కాలేదా?"

"ఇగో, మెషిన్‌కు జర..."

"నాకెరుకే. రేకు డబ్బాలే కొనుక్కపోత తియ్యి. నీతోనేమయితది కాకా. గుడ్డ గట్టిన డబ్బాలే చేసుకో."

ఆ మాట అని వెళ్లిపోయింది. నేను ఇంటికి పోయి మా ఇంటిది అటకమీద పెట్టుకున్న కుసుమ నూనెలోంచి ఒక పావు సీసా వంచుకున్నాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వైపు కందులు ఎక్కువ. కందుల్ని పప్పు చేసే ముందు నూనె పట్టించి ఎండలో పోస్తారు, పొట్టు వదులు కావడానికి. మా ఇంట్లో అది కుసుమ నూనే. మడమల మీద కూర్చుని, అరచేతుల్లో నూనె రాసుకుని, గింజ గింజకూ అంటేట్టు కలపడం నలభై ఏళ్లుగా నా కళ్ల ముందు జరుగుతున్న పని. దాణా నాకు కందుల్లాగే కనిపించింది. నేలమీద బర్కం పట్టా పరిచి, రెండు బస్తాలు కుమ్మరించి, అరచేతులతో నూనె పట్టించాను. పైన పొడి చల్లితే పిండి అద్దినట్టు అంటుకుంది. ఒక్క రవ్వ జారలేదు.

డబ్బాలు వచ్చాయి. అలాంటి డబ్బాలు ఆ షెడ్డులో అంతకుముందు రాలేదు, ఆ తరువాత రాలేదు. ఇది పెంచడం కాదు. లేదు, కాస్త పెంచడమే. ఒకదానిలో ఒకటి పేర్చినప్పుడు పసుపు ఛాయ ఒకటి కనిపించింది. ఎండ పొడ అనుకున్నాను. అనుకోవాలనుకున్నాను.

శనివారం పొద్దున డబ్బాలయ్యాయని కబురు చేశాను. ఆమె వచ్చి ఒక డబ్బా ఎత్తి దానిలోంచి రోడ్డును చూసింది. పోతున్న ట్రాక్టరును చూసింది. నా ముఖం చూసింది.

"ఇగ ఇది డబ్బా," అంది.

ఆ సాయంత్రం హోటల్లో ఆ రెండు ముక్కల్ని నేను రెండు గంటలు చెప్పాను.

మూడు వారాలు గడిచాయి. ఎండలు ముదిరాయి. ఒక రోజు నేను బెంచీ మీద ఉండగా ఆమె రోడ్డు దాటి వచ్చింది, చేతిలో డబ్బా. మూత తీసి నా ముక్కు కింద పెట్టింది. డబ్బా లోపల వేలు పెడితే జిగటగా ఉంది. పసుపు ఛాయ ఇప్పుడు ఒక్క డబ్బాలోనే కనపడుతోంది. ముక్కిన నూనె వాసన గుప్పుమంది.

"చూడు కాకా. అరవైకి అరవై గిట్లనే ఉన్నయి."

"నీ మురుకు వాసన అది."

"నా మురుకు పల్లి నూనెది. ఇది కుసుమ నూనె ముక్కిన వాసన. కుసుమ నూనె నా గడప తొక్కదు. నా ముక్కు నాకెరుక లేదా?"

హోటల్లో ఏడెనిమిది మంది ఉన్నారు. అందరూ గ్లాసులు దించి మమ్మల్ని చూస్తున్నారు. రెండు గంటలు నా గొప్ప విన్నవాళ్లు వాళ్లే.

"ప్లాస్టిక్‌ల నూనె ఏడికెళ్లొస్తదే?" అన్నాను. "దాన్నేమన్న గానుగల ఆడిస్తరా? నువ్వు పాత నూనెలనే మళ్ల మళ్ల గోలిస్తున్నవు. ఇన్నేండ్లు రేకు డబ్బాలు గాబట్టి తెల్వలేదు. ఇప్పుడు డబ్బా సాఫ్ గున్నది, నీ సంగతి బయట వడ్డది."

జనం నవ్వారు. ఆమె మూత పెట్టి రోడ్డు దాటింది.

ఆ మాట అన్నప్పుడు నాకు అసలు సంగతి తెలియదని తరువాత కొందరికి చెప్పుకున్నాను. సగం తెలుసు. ఆమె కుసుమ నూనె అనగానే నా అరచేతులు గుర్తుకొచ్చాయి. ఆ మిగతా సగం తెలుసుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

నా మాట నాకంటే వేగంగా తిరిగింది. షేర్ ఆటోల్లో ఎక్కి మనూర్ పోయింది. నాగల్‌గిద్ద బస్సు దిగినవాళ్లు కన్నడంలో కూడా అదే అడిగారు, "హళే ఎణ్ణేనా?" అని. పాత నూనేనా అని. బోరంచకు ఆమె రెండు ఆదివారాలు పోయి నిండు డబ్బాలతో తిరిగొచ్చింది. మూడో ఆదివారం పోలేదు. అక్కడ జనం మూత తీసి వాసన చూసి మూత పెట్టేవాళ్లట. కళ్లతో చూసి కొంటారనుకున్నది, ముక్కుతో చూసి పోయారు.

ఆమె డబ్బాలను కుంకుడుకాయతో కడిగింది. శనగపిండితో రుద్దింది. దుకాణం ముందు బోర్లించి ఎండబెట్టింది. ఎండ తగిలేకొద్దీ వాసన ఇంకా పెరిగింది. నేను బెంచీ మీద కూర్చుని చూశాను. నిజం చెప్పాలంటే మొదటి రెండు రోజులు చూడటానికి బాగానే ఉండింది. పొగమంచు అన్న మనిషి తోముతూ ఉంటే.

అసలు సంగతి మా ఇంట్లో బయటపడింది. ఆ అరవైకి పైన వచ్చిన ఒక డబ్బాను నేను ఇంటికి తెచ్చాను. మా ఇంటిది దాంట్లో కందిపప్పు పోసింది. ఒక రోజు మూత తీసి, పప్పంతా చాటలో కుమ్మరించి, ఖాళీ డబ్బాలో ముఖం పెట్టి వాసన చూసింది.

"ఇది నా నూనె," అంది.

"ఏంది?"

"మొన్న నువ్వు అటక మీదికెళ్లి గుంజుకున్న నూనె. ఏం జేసినవ్?"

"చెప్పిన గద. మోకాళ్లకు రాసుకున్న."

"డబ్బాకు మోకాళ్లున్నయా?"

నేను చెప్పాను. దాణా, కందులు, బర్కం, అన్నీ. నేను ఆపాక మా ఇంటిది అంది:

"కందులు ఎండల పోస్తె నూనె ఆరిపోతది. పొట్టుతోని పోతది. ప్లాస్టిక్‌కు పొట్టున్నదా? లోపలికి పోయిన నూనె ఏడికి పోవాలె? మురుగుతది. గింత తెల్వదా?"

ముప్పై ఏళ్ల అనుభవం అని సేటుకు చెప్పుకున్నవాడికి కందులు విసిరే మనిషి ఒక్క ముక్కలో చెప్పింది.

ఆ తరువాత నాకు నెల రోజులు నిద్ర పట్టలేదని రాద్దామనుకున్నాను. పట్టింది. అన్నం కూడా తిన్నాను. హోటల్‌కు పోవడం మానలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే చాయ్ ఊదుకుంటూ కూర్చున్నాను. అంతే.

మురుకులామె ఈలోగా ఇంకో పని మొదలుపెట్టింది. పొయ్యిని ఇంట్లోంచి తెచ్చి దుకాణం ముందు రోడ్డు మీదనే పెట్టింది. అందరూ చూస్తుండగా కొత్త నూనె ప్యాకెట్టు కత్తిరించి మూకుట్లో పోసేది. ఒక వాయి గోలించాక, చల్లారాక, ఆ నూనెను అందరూ చూస్తుండగా రోడ్డు పక్క మురుగు మోరీలో పారబోసేది. మంచి నూనె. ఇంట్లో కూరకు వాడుకోదగ్గ నూనె. రోజూ పారబోసేది. పారబోసేటప్పుడు ఎవరినీ చూసేది కాదు, ఒక్కసారి రోడ్డు ఇవతలికి చూసేది.

అయినా ఒక రోజు బస్సు కోసం నిలబడ్డ ఒకాయన, చేతిలో సంచితో, ఆమె పోసే నూనెను చూస్తూనే అన్నాడు: "డబ్బా సాఫ్ గుంటే సంగతి బయట వడ్తదంట గద." నా మాట. ఒక్క అక్షరం తేడా లేకుండా నా మాట. ఆమె ఖాళీ ప్యాకెట్టు చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. ఆయన బస్సెక్కి పోయాడు.

నేను ఇంటికి పోయి అది మా ఇంటిదానికి చెప్పాను. నవ్వుతుందని చెప్పానో, ఎందుకు చెప్పానో ఇప్పటికీ తెలియదు. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని అటకమీది డబ్బా దించి నా ముందు పెట్టింది.

"రేపు నువ్వు చెప్తవా, నన్ను పోయి చెప్పమంటవా?"

అందుకని పోయాను. మనసు మారి పోయానని రాసుకోవచ్చు గానీ, మా ఇంటిది చెబితే ఇంకా నిండుగా చెబుతుందన్న భయంతో పోయాను.

మధ్యాహ్నం బస్సుల వేళ. ఆమె మురుకుల చుట్లు తిప్పుతోంది. డబ్బా ఆమె ముందు పెట్టాను.

"బిడ్డా, ఆ పొడి ఉన్నది చూడు, గా కంపెనీ పొడి మంచిది కాదు. పట్నమోళ్లు మనకు పాడు మాల్..."

"పొడికి కుసుమ నూనె వాసన ఎందుకుంటది కాకా?"

"వేడికి ఒక్కొక్కపారి..."

"నూనె ఎవడు వోసిండు?"

మూకుట్లో మురుకులు ఎర్రబడుతున్నాయి. ఆమె వాటిని తీయలేదు. మాడుతున్నాయని చెప్పబోయాను, ఆమె చూపు చూసి ఆగాను.

"నేనే వోసిన," అన్నాను.

"ఎందుకు?"

"నువ్వు నాతోని కాదంటివి గద."

ఆమె మాడిన మురుకులను మోరీలో వేసింది. పొయ్యి ఆర్పింది.

"ఆనాడు ఏడ కూసోని అన్నవో ఆడికే పోయి చెప్పు. నాకు చెప్తె నాకేమొస్తది? నాకెరుకే నా నూనె."

రోడ్డు దాటాను. ఆమె నా వెనకే వచ్చి హోటల్ ముందు నిలబడింది. నేను బెంచీ పక్కన నిలబడి చెప్పాను. మొదట మెల్లగా చెప్పాను, హోటలాయన స్టవ్ మంట తగ్గించి, "ఏందీ, జర గట్టిగ చెప్పు," అన్నాడు. గట్టిగా చెప్పాను.

"దాణాకు కందులకు పట్టిచ్చినట్టు పట్టిచ్చినవా?" అని ఆయన నవ్వాడు. ఆనాడు నవ్వినవాళ్లే ఈసారీ నవ్వారు. నవ్వుకు వాళ్లకు మనిషి ఎవరైతేనేం. ఆమె నవ్వలేదు.

సేటుకు సాయంత్రానికల్లా తెలిసింది. తిట్టలేదు. అది ఇంకా పాడుగా ఉండింది. ఆమెకు కొత్తగా అరవై డబ్బాలు తనే చేసి, తనే తీసుకుపోయి ఇచ్చాడు. నాతో అన్నది ఒకటే మాట: "చాచా, ఇగ నువ్ దాణా ముట్టకు. గేటు కాడ కూసో." పట్నంలో చేసిన ఎనిమిదేళ్ల పని సంగతి అతనికి ఎవరు చెప్పారో తెలియదు.

ఆమె పాత డబ్బాలన్నీ ఇచ్చేసింది, ఒక్కటి తప్ప. దాన్ని ఖాళీగా, మూత బిగించి, దుకాణం ముందు కొత్త డబ్బాల పక్కన పెట్టుకుంది. ఎవరైనా పాత నూనె మాట ఎత్తితే ముందు ఆ ఖాళీ డబ్బా మూత తీసి ముక్కు కింద పెడుతుంది. తరువాత మురుకుల డబ్బా తీస్తుంది. తరువాత రోడ్డు ఇవతలికి కేకేస్తుంది.

"కాకా, చెప్పు."

నేను చాయ్ గ్లాసు పక్కన పెట్టి లేచి చెబుతాను. ఒకసారి విసుగుపుట్టి, పట్నం నుంచి శాస్త్రవేత్తలు వచ్చి పరీక్ష చేసి ఈ సంగతి తేల్చారని కలిపాను. "సక్కగ చెప్పు," అంది. మళ్లీ మొదటినుంచి చెప్పాను.

బోరంచకు కూడా మళ్లీ పోతోంది. అక్కడికి కేక వినపడదు కాబట్టి ఆదివారాలు నన్నూ తీసుకుపోతుంది. పిలవదు, ఆటో మా ఇంటి ముందు ఆగుతుంది. ఆమె ముందు డ్రైవరు పక్కన కూర్చుంటుంది. నేను వెనక డబ్బాల మధ్య, ఒళ్లో ఆ ఖాళీ డబ్బా పెట్టుకుని. ఇన్నాళ్లలో ఒక్క మురుకు తినమని ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

మొన్నటి ఆదివారం మొక్కు తీర్చుకుని వచ్చిన ఒక ముసలమ్మ నేను చెప్పిందంతా విని, "గంత వాసనంటే ఎంత వోసినవయ్యా నూనె?" అని అడిగింది.

"పావు సీసా," అన్నాను.

ఆమె మురుకులు తూస్తూ తల ఎత్తకుండానే, "అర సీసా," అంది. "వాళ్లింటిది చెప్పింది."

పైన మీకు కూడా పావు సీసా అనే రాశాను. అర సీసా.